మునసబు ముఖం రంగు

నమోదు 1

ఈ లంకలో రాబందులను చంపింది లంక సంఘం. సంఘం అంటే గాలీ నీరూ కాదు, మనుషులు. ఆ మనుషులకు అధ్యక్షుడు కొక్కిలిగడ్డ శోభనాద్రి. వరసకు నాకు పెదనాన్న. పేరు రాయకుండా ‘కొందరు పెద్దలు’ అని సరిపెట్టే కరపత్రాలు నేను చాలా చదివాను. వాటిని చదివి ఏ పెద్దా సిగ్గుపడలేదు. అందుకే పేరు రాస్తున్నాను.

కుక్కలకు పెట్టిన మందు మాంసం తిని కుక్కలు చచ్చాయి. చచ్చిన కుక్కలను తిని రాబందులు చచ్చాయి. వాటి వెనకే కాకులు. తినేవాళ్లు లేక కళేబరాలు ఒడ్డున కుళ్లుతుంటే, ఆ కుళ్లు తిని కొత్త కుక్కలు బలుస్తున్నాయి. కుక్కలు పెరిగాయని సంఘం మళ్లీ మందు పెడుతోంది. బడికి వెళ్లే పిల్లలకు చెప్పినా అర్థమయ్యే సంగతి. సంఘానికి అర్థం కాదు.

ఒక్క పక్షి మిగిలింది. ముసుగు రాబందు. దాని బొమ్మ నేను వేయాలి.

ఫొటో పనికిరాదు. లేని ఏనుగులను యంత్రాలు నడిపించి చూపించాక, చచ్చిపోయినవాళ్ల చేత సాక్ష్యాలు చెప్పించాక, ఏ న్యాయస్థానమూ ఫొటో మొహం చూడటం లేదు. ప్రాణి ఎదుట కూర్చుని చేత్తో వేసిన బొమ్మ కావాలి, వేసినవాళ్లు రాసిన దినచర్య కావాలి. జడ్జీని ఎక్కించుకుని తిరిగే న్యాయపడవ మా రేవుకు వచ్చేనాటికి బొమ్మ పూర్తయి, పక్షి బతికి ఉంటే, ఆఫ్రికాలోని ఈ లోల్వే సరస్సులో మా లంక చుట్టూ ఎక్కడా మందు పెట్టకూడదని ఉత్తర్వు వస్తుంది. రెండూ ఉండాలి. బొమ్మా, పక్షీ.

సాక్షి చిత్రకారిణిగా ప్రమాణం చేసి సంతకం పెట్టాను. నా పేరు నాంచారి. చూసింది రాస్తాను. కోపం కూడా రాస్తాను, అది కూడా నాకు కనబడుతున్నదే కాబట్టి.

నమోదు 2

గుడ్డ తయారీ. కరక్కాయ నలగ్గొట్టి పాలలో కలిపి, గుడ్డను ముంచి పిండి ఎండలో వేశాను. పాలు తెచ్చింది అచియెంగ్. ఆవలి ఒడ్డు నుంచి పడవ నడుపుతుంది. పుట్టుకతో ఈ సరస్సు మనిషి. మా దివిసీమ మునిగి మా తాతలు ఇక్కడికి వచ్చినప్పుడు వాళ్లను ఒడ్డుకు చేర్చింది ఈమె తాతలే. మా భాషలో మాకంటే బాగా తిడుతుంది.

“మడిసి తాగితే బలవొచ్చే పాలు. నువ్వు గుడ్డకి తాగిత్తన్నావు. ఆ గుడ్డేమన్నా చూలాలా?” అంది.

“పాలు లేకపోతే నల్లరంగు పాకిపోద్ది అక్కా.”

“పాకనీ. మీ పెదనాన్న మొకం మీదికి పాకనీ.”

రంగుల డబ్బాలతో వేస్తే బొమ్మను చెరిపి మార్చవచ్చు. కలంకారీ అద్దకం అలా కాదు. ఇనుప ముక్కలు, బెల్లం నానబెట్టిన నల్లరసం ఒకసారి గుడ్డలోకి దిగిందంటే దిగిందే. అందుకే న్యాయస్థానం మా పనిని ఒప్పుకుంటుంది. ఈ పని నాకు పెడన పిన్ని నేర్పింది. చదువు మాత్రం ఎవరూ నేర్పలేదు. పఠనాలయం అటక మీద కట్టలు కట్టి పడేసిన కరపత్రాలే నా బడి.

మధ్యాహ్నం చేపలు ఆరబెట్టే కళ్లానికి వెళ్లాను. పక్షి రోజూ వచ్చేది అక్కడికే. చిన్న రాబందు, కోడికంటే కాస్త పెద్దది. మాసిన గోధుమరంగు ఒళ్లు. మెడ వెనక నుంచి నడినెత్తి దాకా ముసుగు కప్పుకున్నట్టు మెత్తని నూగు. సన్నని పొడుగు ముక్కు. ముఖం మీద ఈక లేదు.

మా పెదనాన్న శోభనాద్రి తల్లి తిరపతమ్మ మామ్మ కళ్లంలో పీటేసుకుని చేపలు చీరుతోంది. పక్షి వరసల మధ్య తల ఊపుకుంటూ నడుస్తోంది.

“మునసబుగోరొచ్చారు, ఒత్తిగిల్లండి. లెక్కలు చూసుకుంటారు,” అని చేప పేగులు విసిరింది. పక్షి అందుకుంది. ముఖం తెల్లగా, గవ్వ లోపలిభాగంలా ఉంది. నేను పలకా గుడ్డా పట్టుకుని దగ్గరికి జరిగాను. చూస్తుండగానే ముక్కు మొదలు నుంచి చెవుల దాకా ఎర్రబడింది. ఎవరో చెంపదెబ్బ కొట్టినట్టు.

“నీ కోపం దానికంటుకుందే,” అంది మామ్మ. చుట్ట వెలిగించుకుని, “ఆడపిల్లవి ఎప్పుడు చూసినా పొయ్యిలో కట్టెలాగా ఉంటావేంటే? కూకో. నోరు మూసుకుని కూకో. దాని పన్లో అదుంటది.”

కూర్చున్నాను. నోరు మూసుకోవడం నా వల్ల కాలేదు. “మందు పెట్టేది నీ కొడుకే మామ్మా.”

“నాకు తెలవదా?” అంది. ఇంకో పేగు విసిరింది.

నమోదు 3

రూపురేఖలు గీశాను. వెదురు కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కితే రసం దిగుతుంది. రెక్క మడత, గోళ్లు, నూగు అంచు. ముఖానికి చుట్టుగీత మాత్రం గీసి లోపల వదిలేశాను.

పెదనాన్న వచ్చాడు. నా వెనక నిలబడి చాలాసేపు బొమ్మ చూశాడు. ఒళ్లు మండింది.

“చంపిన చెయ్యి, బొమ్మ ఎట్టుందో చూసుకోడానికొచ్చిందా?” అన్నాను.

“బాగా ఏత్తన్నావు,” అన్నాడు. “నీకు మా కుమారి గుర్తుందా?”

కుమారి ఆయన మనవరాలు. నిరుడు పిచ్చికుక్క కరిచింది.

“మంచినీళ్ల గళాసు చూసి అరిచిందే అది. దాహం, దాహం అనుద్ది, నీళ్లు చూపిత్తే గోడకి కరుచుకుపోద్ది. లంకలో పుట్టిన పిల్ల. చుట్టూ నీళ్లే. గుక్కెడు తాగలేక పోయింది. నీ పుస్తకాల్లో దీనికేం రాశారో చెప్పు.”

పుస్తకాల్లో రాసే ఉంది. రాబందులుంటే కళేబరాలు ఉండవు, కళేబరాలు లేకపోతే కుక్కలు పెరగవు, కుక్కలకు మందు కాదు టీకా కావాలి. అంతా నాకు కంఠతా వచ్చు. ఆయన వెళ్లిపోయాకే అన్నీ గుర్తొచ్చాయి. గట్టిగా చదువుకున్నాను. పక్షి ఎర్రబడి ఎగిరిపోయింది.

నమోదు 4

తిరపతమ్మ మామ్మ పోయింది. కళ్లంలోనే, పీట మీదే. పక్కనున్నవాళ్లు కునుకు తీస్తోందనుకున్నారట.

ఈ రోజు బొమ్మ పని చేయలేదు.

నమోదు 5

పాయలో గుడ్డ ఉతికాను. పారే నీళ్లు కావాలి. నిలవ నీళ్లలో ఉతికితే వదిలిన రంగు మళ్లీ గుడ్డకే పట్టుకుంటుంది. నల్లగీతలు బాగా నిలిచాయి.

ఇక ముఖం. ఇది అచియెంగ్‌కు వివరించాను, ఇక్కడా రాస్తున్నాను. మా పనిలో ఎరుపును ఎర్రగా వేయం. పటికనీళ్లు అద్దుతాం. ఆరితే ఏమీ కనబడదు. తర్వాత మంజిష్ఠ వేరు వేసి గుడ్డను ఉడకబెడితే పటిక తగిలిన చోటల్లా ఎరుపు తేలుతుంది. తగలని చోట తెల్లగానే ఉంటుంది. ఉడికాక మార్చడానికి వీల్లేదు. కాబట్టి ముందే తేల్చుకోవాలి. మునసబు ముఖం ఎరుపా, తెలుపా?

“రెండూ దాని మొకాలే,” అంది అచియెంగ్. “భయమేత్తే ఎరుపు. లేకపోతే తెలుపు. నువ్వు దేనికి సాక్షివి?”

“ఎరుపే వేస్తాను. జడ్జీకి తెలియాలి, ఇక్కడ అది ఎంత భయపడి బతుకుతోందో.”

“అది నీ మొకవే.”

గుడ్డ పిండి ఆరేశాను. పక్షి కళ్లానికి వచ్చింది. మామ్మ పీట లేని చోట అటూ ఇటూ నడిచింది. నేను పేగు విసిరాను. వెనక్కి గెంతి, ఎర్రబడి, కొంతసేపు నన్ను చూసి, తినకుండా వల షెడ్డు మీదికి ఎగిరింది. మామ్మ ఎలా విసిరేదో గుర్తు చేసుకుని చేయి కింది నుంచి ఊపి మళ్లీ విసిరాను. రాలేదు.

నమోదు 6

మామ్మ పెద్దకర్మ ఈ రోజు. రేవు ఒడ్డున విస్తరి వేశారు. పిండం, గారెలు, వేయించిన చేప, పక్కన ఆమె చుట్ట. లంకంతా వచ్చింది. కాకికి పిండం పెట్టడం మూఢనమ్మకమని పోయిన ఏడు కరపత్రం రాసి అంటించింది నేనే. అయినా వెళ్లాను. పక్షి వల షెడ్డు కప్పు మీద ఉంది, సాక్షి పక్షి ఉన్నచోటే కూర్చోవాలి అని నాకు నేను చెప్పుకున్నాను. మామ్మ కోసం వెళ్లాను.

కాకి రాలేదు. ఎలా వస్తుంది? కాకులు ఎక్కడున్నాయి?

పెద్దవాళ్లు ఆకాశం చూస్తున్నారు. పెదనాన్న చేతులు జోడించి విస్తరి ముందు నిలబడ్డాడు. ఆయన పక్కన సంఘం కార్యదర్శి గోవర్ధనం గొడుగు పట్టుకుని ఉన్నాడు. ఎండ నెత్తికెక్కింది. కాకి ముట్టకపోతే ఆ ఇంట ఎవరూ ముద్ద మింగరు.

“ముసలామె మనసులో ఏదో ఉండిపోయిందిరా,” అంది గుంపులోంచి ఓ అవ్వ. “అడుగు. మాటియ్యి.”

పెదనాన్న మాటలివ్వడం మొదలుపెట్టాడు. “అమ్మా, చెల్లి ఇంటికప్పు నేనేయిత్తా. అమ్మా, నీ మేకని కోయించను, అదే సచ్చేదాకా మేపుతా. తమ్ముడితో మాట్లాడతానమ్మా, నేనే ముందు మాట్లాడతా. రా అమ్మా.”

ఆకాశం ఖాళీ.

“చుట్ట వెలిగించి పెట్టండయ్యా, వాసనకైనా వచ్చుద్ది,” అన్నారెవరో. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు. చుట్ట వెలిగించారు. అది ఆరిపోయింది.

పంతులుగారు తలెత్తి షెడ్డు కప్పు వైపు చూశారు. “కాకే రావాలని లేదు. ఆవిడ ఏ రూపంలో వస్తుందో మనకేం తెలుసు?”

అందరూ అటే తిరిగారు. మునసబు ముడుచుకుని కూర్చుని ఉంది. కదల్లేదు. పెదనాన్న ఆ పక్షి వైపు చేతులు జోడించాడు. ఆ చేతులు ఆ పక్షికి మొక్కడం చూసి నేను ఆగలేకపోయాను. లేచి నిలబడి అరిచాను.

“ఒక్కటి చెప్పలేదు పెదనాన్నా! మందు ఆపుతానని చెప్పు! అదొక్కటే చెప్పలేదు నువ్వు!”

“నోర్ముయ్యవే!” గోవర్ధనం గొడుగు నా వైపు చూపించాడు. “కర్మకాడ కూడా రాజకీయవేనా?”

పెదనాన్న నన్ను చూడలేదు, గోవర్ధనాన్నీ చూడలేదు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. మొదట ఏదో గొణిగాడు. తర్వాత, తల్లికి కొంచెం చెవుడు కదా, ఆమెతో ఎప్పుడూ మాట్లాడే పెద్ద గొంతుతో అన్నాడు.

“అమ్మా! కుక్కల మందు ఆపేత్తన్నా. ఇయ్యాల్టి నుంచి పెట్టను. ఎవుర్నీ పెట్టనియ్యను. విన్నావా? రామ్మా. కాత్త తిను.”

పక్షి దిగింది.

కప్పు అంచు నుంచి జారినట్టు దిగి, ఇసుకలో రెక్కలు ఈడ్చుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ విస్తరి దగ్గరికి వచ్చింది. “ఆమె నడకే, ఆమె నడకే,” అని ఆడవాళ్లు ఏడుపందుకున్నారు. చేపముక్కను ముక్కుతో తాకింది. ఇంత తుంచి మింగింది. అక్కడే నిలబడింది. అంతమంది జనం చుట్టూ ఉన్నారు, ముఖం ఎర్రబడలేదు. గవ్వలా తెల్లగా ఉంది. ఇన్ని రోజుల్లో నా ఎదుట ఒక్కసారి కూడా అంతసేపు తెల్లగా లేదు.

నేను ఏడ్చాను. రాయాలి కాబట్టి రాస్తున్నాను, లంకలో అందరికంటే గట్టిగా ఏడ్చాను. గెలిచామని.

సాయంత్రం మిగతా చోట్ల పటిక అద్ది, ముఖానికి అద్దకుండానే గుడ్డను ఉడకబెట్టాను. కాళ్ల దగ్గరి మట్టి, రెక్కల అంచులు ఎర్రగా తేలాయి. ముఖం తెల్లగా మిగిలింది. భయంలేని ముఖం. మా మాట నిలబడిన రోజు ముఖం. ఆఖరి ఉతుకు ఒక్కటే బాకీ. పొద్దున ఉతికి ఆరేస్తే బొమ్మ పూర్తి.

నమోదు 7

తెల్లారాక గుడ్డ భుజాన వేసుకుని పాయకు వెళుతుంటే అచియెంగ్ పిలిచింది. మామూలుగా పడవలోంచే కేకేస్తుంది. ఈసారి దిగి వచ్చి చేయి పట్టుకుంది.

వల షెడ్డు వెనక గోడవార. రెక్కలు సగం విప్పి, మెడ ముందుకు చాచి, ముక్కు ఇసుకలో గుచ్చుకుని ఉంది. ముఖం తెల్లగానే ఉంది.

తుంగలో కుక్క శవం చూపించింది అచియెంగ్. పొట్ట చీల్చి ఉంది. సన్నని ముక్కు చేసిన చీలిక. మందు పెట్టింది కర్మకు ముందురోజు. మాట ఇచ్చింది కర్మరోజు.

“నిన్న అది నడవలా నాంచారీ,” అంది. “తూలింది. మనవేమో దండాలెట్టాం.”

అప్పుడు నాకు అర్థమైంది. భయపడటానికి కూడా ఓపిక లేక ఆ ముఖం తెల్లబడింది. ఆ పక్షి ముఖాన్ని ఈ లంకలో నాకంటే ఎక్కువసేపు చూసినవాళ్లు లేరు. నేను చూశాను. చూసి శాంతి అనుకున్నాను. ఆ శాంతినే గుడ్డ మీద ఉడకబెట్టాను. ఇక అందులో ఎరుపు ఎన్నటికీ పుట్టదు.

అచియెంగ్ తన పైగుడ్డలో పక్షిని చుట్టింది. ఎంత తేలికగా ఉందో. చేతిలో గుడ్డే ఉన్నట్టుంది. కళ్లంలో మామ్మ కూర్చునే చోట గొయ్యి తీశాం.

గోవర్ధనం వచ్చాడు. సంతోషంగా లేడు. అది ఒప్పుకోవాలి. గొడుగు మూసి పట్టుకుని నిలబడ్డాడు.

“బొమ్మ పూర్తి కాకుండానే పక్షి పోయిందిగా,” అన్నాడు. “పక్షి లేనికాడ నిషేధం లేదు. అది నేను పెట్టిన రూలు కాదమ్మాయ్, నీ పడవోళ్లదే.”

“పెదనాన్న మాట ఇచ్చాడు. నువ్వూ విన్నావు.”

“తల్లి కోసం ఏడుత్తా అన్న మాట. దాన్ని చట్టం చేత్తావా? ఆవల తుంగలో కుక్కలు తిరుగుతున్నయ్. మళ్లా ఓ పిల్లని కరిత్తే నువ్వొత్తావా సమాధానం చెప్పటానికి?”

“టీకాలు తెప్పించమని అడిగింది ఎవరు? మూడుసార్లు సంఘానికి రాసింది ఎవరు?”

“రాతలకేంలే,” అని వెళ్లిపోయాడు.

మందుపెట్టె ఇంకా సంఘం గదిలోనే ఉంది. తాళంచెవి గోవర్ధనం దగ్గరే ఉంది. రేపో ఎల్లుండో తీస్తాడు.

తీస్తే ఏం పోతుంది, పక్షులే లేవు కదా అనేవాళ్ల కోసం ఇది. ఆవలి ఒడ్డున కబేళా కప్పు మీద మూడో నాలుగో ముసుగు రాబందులు వాలుతున్నాయని అచియెంగ్ చెప్పింది. ఇక్కడ కళ్లం ఖాళీ అయిందని తెలిస్తే అవి ఈ ఒడ్డుకు వస్తాయి. వచ్చి ఏం తింటాయన్నది మన చేతిలో ఉంది.

నమోదు 8

బొమ్మ చెల్లదు. అయినా ఆఖరి ఉతుకు ఉతకడానికి పాయలో దిగాను. మొదలుపెట్టిన గుడ్డను ఉతక్కుండా వదిలేస్తే రంగు మురుగుతుందని పిన్ని చెప్పేది. దానికోసమే ఉతికాననుకుంటాను.

పెదనాన్న ఒడ్డున వచ్చి కూర్చున్నాడు. గుండు మీద ఎండ పడుతోంది. చెప్పులు లేవు.

“ఎప్పుడు తిందో కుక్కని?” అన్నాడు.

“కర్మకి ముందే.”

తల ఊపాడు. ఆ సంగతి ఆయనకు ముందే తెలుసు. ఎవరైనా కాదంటారేమోనని అడిగినట్టున్నాడు.

నీళ్లలోంచి గుడ్డ ఎత్తి రాళ్ల మీద పరిచాను. తెల్లని ముఖం పైకి వచ్చింది. ఆయన దానిమీదికి వంగాడు, తాకలేదు.

“ఆ బొమ్మ నాకియ్యి అమ్మాయ్. మా అమ్మ కూడు తిన్న మొకం అది.”

“నీ మందు తిన్న మొకం కూడా అదే.”

దెబ్బ తగిలినట్టు చూశాడు. తగలాలనే అన్నాను. తగిలాక, వంగి తడిగుడ్డ ముడతలు సరిచేశాను. ఆయనా నేనూ ఏడుస్తున్నది ఒకే ఇద్దరి కోసం. ఒక ముసలిదాని కోసం, ఒక పక్షి కోసం. ఈ లంకలో ఇంకెవరితోనైనా కూర్చుని ఏడవగలిగేదాన్ని. ఈయనతో కూర్చోలేను.

“పడవొచ్చుద్ది రేపు,” అన్నాను. “జడ్జీ ముందు అన్నమాట సంఘం దాటలేదు. అమ్మతో అన్నమాట అక్కడ అను. అని, బొమ్మ తీసుకెళ్లు.”

“అది అమ్మతో అన్నమాట. జడ్జీతో కాదు.”

“అమ్మకి వినపడాలని అంత గట్టిగా అన్నావుగా. మాకందరికీ వినపడింది.”

“గోవర్ధనం ఒప్పుకోడు,” అన్నాడు. “సంఘం ఒప్పుకోదు. కుమారి వాళ్లమ్మ నా మొకాన ఉమ్మేసుద్ది.”

“నువ్వు?”

లేచి వెళ్లిపోయాడు. వస్తాడో రాడో నాకు తెలియదు. తెలుసని రాయను.

ఈ నమోదులన్నిటికీ నకళ్లు రాసి రేవు బల్ల మీద, పఠనాలయం తలుపు మీద, సంఘం గది గోడ మీద అంటిస్తున్నాను. చదవడం రానివాళ్లకు అచియెంగ్ పడవలో చదివి వినిపిస్తుంది.

లంకవాసులారా. నా బొమ్మ ఇక దేనికీ సాక్ష్యం కాదు. సాక్ష్యం మీరే. శోభనాద్రి తన తల్లి విస్తరి ముందు మోకాళ్ల మీద కూర్చుని ఏమన్నాడో మీరందరూ మీ చెవులతో విన్నారు. ఆ మాట వినే పక్షి దిగిందని మీలో చాలామంది నమ్మారు. నేను నమ్మను. నాకు తెలిసింది వేరు, పైన రాశాను. కానీ మాట అన్న సంగతి మీ నమ్మకానికీ నా నమ్మకానికీ సంబంధం లేకుండా నిజం. విన్నవాళ్లు వచ్చి విన్నామని జడ్జీకి చెప్పండి. కోపాలున్నవాళ్లు రండి. నా మీద కోపమున్నా రండి. కుమారి వాళ్లమ్మా, నువ్వూ రా, టీకాల సంగతి అడిగే హక్కు అందరికంటే నీకే ఎక్కువ. గోవర్ధనం బాబాయ్, తాళంచెవి తీసుకుని రా.

పెదనాన్నా, నువ్వు ముందు నిలబడనక్కర్లేదు. మా మధ్యలో నిలబడు. ఆ మాట ఇంకోసారి అను.

న్యాయపడవ రేపే. ఉదయం ఎనిమిది గంటలకు, రేవులో. అందరం.